ఫ్లెక్సీ మీద ఆ ముగ్గురు

ఆ ముగ్గురి ముఖాలు చిత్తూరు కోర్టు దగ్గరి కూడలిలో గాలికి ఊగుతుండటం నేను మొదట ఫోన్‌లోనే చూశాను. తిరుపతిలో మా లా కాలేజీ బయట జ్యూస్ బండి దగ్గర నిలబడి ఉన్నాను. చిత్తూరు నుంచి రోజూ బస్సులో వచ్చిపోయే క్లాస్‌మేట్ ఒకమ్మాయి వాట్సాప్‌లో ఫోటో పంపింది. "ఏమ్మే, మా ఊర్లో పెద్ద లీడర్ అయిపోయినావే!" అని కింద రాసి, పగలబడి నవ్వే బొమ్మలు పెట్టింది.

చూస్తే పెద్ద ఫ్లెక్సీ. మధ్యలో పట్టుచీరలో నేను. ఎవరి పెళ్లిలో తీసిన ఫోటోనో. పైన ఎర్రటి అక్షరాల్లో "ప్రపంచ కోర్టుకు ఎంపికైన మా ఇంటి ఆడబిడ్డకు హృదయపూర్వక అభినందనలు". అడుగున "శుభాకాంక్షలతో" అని రాసి, వరసగా గుండ్రాల్లో ముఖాలు. మొదటి గుండ్రంలో నల్ల కళ్లద్దాలతో మా మామ. అమ్మకు సొంత తమ్ముడు, చిత్తూరులో మామిడికాయల మండీ నడుపుతాడు. ఆ పక్కన మండీలో ఆయన స్నేహితులు. వాళ్ల పక్కన ఇంకో మూడు గుండ్రాలు.

నవ్వబోయిన దాన్ని ఆగిపోయాను. వేళ్లతో ఫోటోను పెద్దది చేసి చూశాను. నెరిసిన జుట్టు ఆవిడ, ఆఫ్రికా దేశపు పెద్దాయన, గడ్డం ఉన్న ఒక యువకుడు. నన్ను ఇంటర్వ్యూ చేసిన ముగ్గురు.

జ్యూస్ గ్లాసు ఎక్కడ పెట్టానో గుర్తులేదు. "డబ్బులు పాపా" అని ఎవరో వెనక నుంచి అరిచినట్టు మాత్రం గుర్తుంది.

నాకు వచ్చింది జడ్జి పదవి కాదు. యూరప్‌లో ఉన్న ఒక అంతర్జాతీయ న్యాయస్థానంలో కొన్ని నెలల ట్రైనీ పని. యుద్ధాల్లో జరిగిన ఘోరాలను విచారించే కోర్టు అది. అందులో సాక్షులను కాపాడే విభాగానికి నేను అప్లై చేశాను. ఎందుకు ఆ విభాగమే అంటే, చిత్తూరు కోర్టులో ఇంటర్న్‌షిప్ చేసినప్పుడు సాక్షులు బోను ఎక్కి చెప్పిన మాట మార్చేయడం కళ్లారా చూశాను. ఎవరో బెదిరించారని కోర్టులో ప్రతి ఒక్కరికీ తెలుసు. ఎవరూ నోరెత్తరు. నాకు తల పేలిపోయేంత కోపం వచ్చేది.

ఇంటర్వ్యూ వీడియో కాల్‌లో జరిగింది. ప్రశ్నలు మొదలుపెట్టకముందే నెరిసిన జుట్టు ఆవిడ మెల్లగా ఒక మాట చెప్పింది. రికార్డ్ చేయొద్దు, ఫోటో తీయొద్దు, గదిలో వేరే ఎవరూ ఉండకూడదు. "నేను సాక్షుల ఇళ్లకు వెళ్తుంటాను. నా ముఖం తెలిసిన వాడు నా వెనకాలే వస్తే చాలు, సాక్షి ఇల్లు దొరికిపోతుంది" అంది. గదిలో ఎవరూ లేరని చెప్పాను. నిజంగానే లేరు. నాయనను షాపుకు వెళ్లిపొమ్మని ముందే పంపేశాను. పోతాననే చెప్పాడు.

పోలేదన్నమాట. జ్యూస్ బండి దగ్గర నుంచి నడుస్తూనే ఫోన్ చేశాను.

"నాయనా, ఇంటర్వ్యూ రోజు నువ్వు యాడున్నావ్?"

"షాపులో."

"నిజం చెప్పు."

"చెప్పులేసుకునేదానికి వెనక్కి వచ్చినా పాపా. వంటింటి కిటికీలో నుంచి నువ్వూ, కంప్యూటర్లో వాళ్లూ కనపడినారు. ఒగే ఒగ ఫోటో తీసినా. శబ్దం గూడా రాలేదు."

"ఎవరికి పంపినావ్?"

"మీ మామకి. బయటోడా ఏంది?"

రోడ్డు మధ్యలోనే అరిచాను. ఏం అరిచానో ఇప్పుడు రాయలేను. పక్కన ఆటోవాళ్లు తిరిగి చూశారు. నాయన అంతా విని, "బస్టాండుకి రా, నేనూ వస్తా" అన్నాడు.

చిత్తూరు బస్సులో కిటికీ పక్కన కూర్చుని మామకు ఫోన్ మీద ఫోన్ చేశాను. సీజన్‌లో మండీలో ఉంటే ఆయన ఫోన్ ఎత్తడు. ఆ ఫోటోను పదే పదే తెరిచి చూశాను. గాలికి ఫ్లెక్సీ మడతపడి నెరిసిన జుట్టు ఆవిడ సగం నవ్వుతున్నట్టుంది. కోర్టులో వచ్చిన సీటు పోతుందన్న భయం సరే. ఇంకో భయం కూడా ఉంది. ఈ ఫోటో ఎవడి ఫోన్ నుంచి ఎవడి ఫోన్‌కు పోయి, ఏ దేశంలో ఏ తలుపు ముందు ఆగుతుందో.

పాకాల క్రాస్ దాటాక బస్సు ఆగిపోయింది. జ్యూస్ ఫ్యాక్టరీకి కాయలు తోలుకొచ్చిన ట్రాక్టర్లు రోడ్డు పొడుగునా నిలబడి ఉన్నాయి. తోతాపురి మామిడికాయల వాసన బస్సులోకి కొట్టింది.

"దిగి నడిస్తే?" అన్నాను.

"చిత్తూరు దాకానా?" అన్నాడు నాయన. "వాళ్లకి తెలుగు రాదు గదా. చిత్తూరు యాడుండాదో వాళ్లకేం తెలుసు? దించేసి ఊరుకుంటే సరిపోతాది" అన్నాడు.

నిజానికి అప్పటికి నాకూ అదే ఆశ ఉంది.

కూడలిలో దిగేసరికి ఎండ మండుతోంది. ఫోన్‌లో కన్నా ఫ్లెక్సీ చాలా పెద్దది. ఆ ముగ్గురి ముఖాలు ఒక్కొక్కటీ బండి చక్రమంత ఉన్నాయి. కింద టీ బంకు దగ్గర నల్లకోట్ల వాళ్లు, గుమాస్తాలు, వాయిదాలకు వచ్చిన పల్లెటూరి వాళ్లు. ఒకాయన టీ తాగుతూ పైకి చూసి, "ఈ నల్లాయన మన మండీలో కొత్తగా వచ్చినాడా?" అని పక్కాయనను అడిగాడు. నేను పరుగెత్తి వెళ్లి తాడు పట్టుకుని లాగాను. కదల్లేదు.

"ఏయ్, ఎవురమ్మా అది? ఫ్లెక్సీ చించతాండాది సూడండి!" అని ఎవరో అన్నారు.

"ఆ పాపదే ఆ ఫ్లెక్సీ, సూడు, అదే మొగం!" అన్నారు ఇంకెవరో.

ఎవరు కబురు పంపారో, మామ బైక్ మీద వచ్చేశాడు. చొక్కా నిండా మామిడి సొన మరకలు. ముఖమంతా నవ్వు.

"అమ్మణ్ణీ! నువ్వే వస్తివా? నచ్చిందా?"

"దించు మామా. ఇప్పుడే."

"ఏందిమే?"

"ఆ ముగ్గురి ఫోటోలు ఎందుకేసినావ్? నిన్నెవరు వేయమన్నారు? బుర్ర ఉండాదా నీకు?"

చుట్టూ మనుషులు చేరారు. మామ నవ్వు మెల్లగా ఆరిపోయింది. "వాళ్లే గదా నీకు సీటు ఇచ్చింది. మండీ వాళ్ల మొగాలేసి, సీటిచ్చిన పెద్దోళ్ల మొగాలు వదిలిపెడితే మర్యాదేనా? పోయినసారి ఒగాయన ఫోటో మరిచిపోయినామని ఆ మనిషి ఇప్పటికీ నాతో మాట్లాడడు" అన్నాడు.

మా వైపు ఫ్లెక్సీలో ముఖం వదిలేయడం అంటే పెళ్లికి పిలవకపోవడం లాంటిది. మామ ఆ ముగ్గురికీ మర్యాద చేశాడు. ఆ సంగతి అర్థమయ్యేసరికి నాకు కోపం తగ్గి భయం రెండింతలైంది. ఇందులో తప్పేమిటో ఈయనకు ఎట్లా చెప్పాలి?

"పట్టపగలు దించితే నగుతారు అమ్మణ్ణీ. ఏదో గొడవైందంటారు. సందకాడ నేనే దించుతా, నువ్వు మండీకి రా, కాయలు తిందువు" అని గొంతు తగ్గించి బతిమాలాడు.

కోర్టు గేటు వైపు వేలు చూపించాను. "మామా, ఆడ ఒక మర్డర్ కేసు నడస్తా ఉండాది అనుకో. సాక్షిని యాడ దాచిపెట్టినారో ఒక్క మనిషికే తెలుసు. ఆ మనిషి ఫోటో ఈ కూడల్లో పెద్దగా ఏలాడదీస్తే ఏమైతాది?"

మామ నా వైపు చూశాడు. తర్వాత ఫ్లెక్సీ వైపు. ఆ కోర్టుకు వచ్చిపోయే వాళ్లకు ఆ ప్రశ్నకు జవాబు ఇంకొకరు చెప్పాల్సిన పనిలేదు.

"ఆయమ్మేనా?" అన్నాడు మామ, నెరిసిన జుట్టు గుండ్రం వైపు గడ్డం ఎత్తి.

తలూపాను.

టీ బంకాయన స్టూలు తెచ్చి వేస్తే మామే ఎక్కాడు. నడుంలో నుంచి మండీ కత్తి తీసి తాళ్లు కోశాడు. ఫ్లెక్సీ దబ్బున మా మీద పడింది. నాయనా, మామా, నేనూ కలిసి దాన్ని ముఖాలు లోపలికి వచ్చేటట్టు మడిచాం. ఎవరూ నవ్వలేదు.

మండీలో తట్టల మధ్య కూర్చుని మామ ఫోన్ నా చేతికిచ్చాడు. స్టేటస్‌లో ఉంది, తీసేశాను. చుట్టాల గ్రూపులో ఉంది, తీసేశాను. మండీ గ్రూపులో మాత్రం ఫ్లెక్సీ కట్టకముందే, నాలుగు రోజుల కిందట పెట్టాడు. అది అందరి ఫోన్లలో నుంచి పోవడం లేదు. చప్పట్లు, దండాలు, పూలగుత్తులు వరసగా ఉన్నాయి. ఒకాయన "మన దగ్గర కాయలు కొనే తమిళనాడు పార్టీలకి గూడా పంపినా" అని రాశాడు. అది చదివి ఫోన్ తట్ట మీద పెట్టేశాను. రాష్ట్రం దాటి కూడా పోయింది. ఇక ఎవరి చేతిలోనూ లేదు.

"ఇంగ ఏం సేసేది?" అన్నాడు మామ.

"వాళ్లకి చెప్పాలి."

"సీటు పోతాది పాపా" అన్నాడు నాయన. "ఊరుకుంటే వాళ్లకి తెల్సేదే లేదు."

"తెలీకుండా ఆవిడ ఇంకో ఇంటికి పోతే?"

నాయన మామిడికాయ ఒకటి చేతిలోకి తీసుకుని మళ్లీ పెట్టేశాడు. నేను అక్కడే ఫోన్‌లో మెయిల్ రాశాను. ఏం జరిగింది, ఎక్కడ వేలాడింది, ఎవరెవరికి పోయి ఉండొచ్చు. క్షమాపణ రాసి కొట్టేశాను, మళ్లీ రాశాను. పంపే బటన్ మీద బొటనవేలు పెట్టి ఉంచాను. ఆ సీటు కోసం ఏడాదంతా చదివాను. మామ పక్కనుంచి చూస్తున్నాడని తెలుసు. నొక్కాను. వెంటనే బయటికి పోయి నిలబడ్డాను.

రెండో రోజు ఆ కోర్టు సెక్యూరిటీ ఆఫీసర్ వీడియో కాల్ చేశాడు. తిరుపతిలో అదే టేబుల్, అదే కుర్చీ. ఆయన ముఖంలో కోపం లేదు, దయ కూడా లేదు. ఒక్కో ప్రశ్న అడిగి రాసుకుంటున్నాడు. చివరికి ఫోటో తీసిన మనిషితో మాట్లాడాలన్నాడు.

నాయన వచ్చి నిలబడ్డాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు, నేనే అటూ ఇటూ చెప్పాలి.

"ఎందుకు తీశారని అడుగుతున్నాడు."

నాయన స్క్రీన్ వైపు తిరిగాడు. "సార్, నా కూతురు నాతో మాట్లాడితే కసురుకుంటాది. అందరితోనూ అంతే. ఆ పొద్దు మీవాళ్లతో మెల్లిగా, మర్యాదగా మాట్లాడతా ఉన్నింది. ఈ పిల్లకి ఇట్ల మాట్లాడేది గూడా వచ్చా అని, సూసుకునేదానికి తీసినా. ఆయమ్మ వద్దనింది నాకు తెలీదు. తెలిసుంటే తీసేవాణ్ణి కాదు."

నా ఫోన్ నా చేతిలోనే ఉంది. దాన్ని బోర్లా పెట్టాను. ఆయన చెప్పింది మొత్తం, ఒక్క మాట మింగకుండా ఇంగ్లీషులో చెప్పాను. 'కసురుకుంటాది' అన్న మాట దగ్గర తడబడ్డాను. ఆఫీసర్ ఆగాడు. మళ్లీ చెప్పాను. ఆయన రాసుకున్నాడు.

తర్వాత ఎన్ని రోజులు గడిచాయో లెక్క పెట్టలేదు. ఫోన్ మోగితే భయం, మోగకపోతే భయం. అమ్మ అన్నం పెడితే ఫోన్ కంచం పక్కన పెట్టుకుని తిన్నాను. ఎవరితోనూ గొడవ పడలేదు. అది చూసి అమ్మ ఎక్కువ భయపడింది.

మెయిల్ ఒక మధ్యాహ్నం వచ్చింది. నా ఎంపికను రద్దు చేయడం లేదు. అయితే సాక్షుల విభాగంలో కాదు. బహిరంగంగా జరిగిన విచారణల రికార్డులు సరిచూసే చోట పని ఇస్తారు. ఆలస్యం చేయకుండా తెలిపినందుకు ధన్యవాదాలు. ఆ కింద ఇంకో వాక్యం ఉంది. ముందు జాగ్రత్తగా, ఆ నెరిసిన జుట్టు అధికారిణిని కొంతకాలం సాక్షుల దగ్గరికి పంపడం ఆపేశారు.

మొదటి వాక్యానికి రావాల్సిన సంతోషం చివరి వాక్యం దగ్గర ఆగిపోయింది. ఎక్కడో ఒక ఇంట్లో ఆవిడ వస్తుందని ఎదురుచూసే మనిషి ఉంటుంది. ఆ ఒక్క ముఖాన్ని నమ్మి తలుపు తీసే మనిషి. ఇప్పుడు ఇంకెవరో వెళ్లి తట్టాలి. తీస్తుందో లేదో.

"ఏమంట?" అన్నాడు నాయన, గుమ్మంలోనే నిలబడి.

చదివి వినిపించాను. ఆ కింది వాక్యం కూడా. ఆయన గోడకు ఆనుకున్నాడు. పోతానో పోనో నేనింకా చెప్పలేదు.

"మీ మామ రోజూ అడగతాండాడు. చెప్పేదా?" అన్నాడు.

"చెప్పు. ఫోన్‌లో మాత్రం వద్దు."

"సరే. పోయి చెప్పొస్తా" అని చొక్కా తొడుక్కుని, ఫోన్ టేబుల్ మీదే వదిలేసి, నాయన చిత్తూరు బస్సుకు వెళ్లిపోయాడు.