జీపు చల్లారేదాకా

మా గేటు పక్కన ఇస్త్రీ బండి ఉంది. అక్కడి ఆమె చీర మీద నీళ్ళు చిలకరించి బొగ్గుల ఇస్త్రీపెట్టె ఆనించగానే చుయ్యిమంటూ ఆవిరి లేస్తుంది. ఆ వాసన తగిలితే చాలు, నేను చేతిలో సంచి మరిచిపోయి నిలబడిపోతాను. వేడి ఇనుము, తడి నూలుగుడ్డ. పెట్రోలు వాసన ఒక్కటే తక్కువ. అది కూడా ఉంటే ఎనభైల నాటి ఒక ఎండాకాలం, మాచర్ల రోడ్డు, ఆ రోడ్డు మీద రత్తమ్మత్త, అన్నీ ఒక్కసారిగా వచ్చి నా ఎదుట నిలబడేవి.

రత్తమ్మత్త మాకు చుట్టం కాదు. రెంటచింతలలో మా పుట్టింటి పక్కిల్లు ఆమెది. భర్త మిలిటరీ వేలంలో కొన్న పాత జీపును ఆమెకు వదిలిపెట్టి చిన్న వయసులోనే పోయాడు. ఆమె చేను నాపరాళ్ళ గనులకు అవతల, ఏటి వైపు. అటు బస్సు లేదు, మనుషులు నడిచి వెళ్ళే దూరం కాదు. జీపు తిరిగినంత కాలమే ఆ చేను ఆమెది. ఆగిపోతే సాగు మరిది వెంకయ్య చేతికి పోతుంది, ఆపైన గింజ గింజకూ ఆయన్నే అడగాలి. అందుకే మాచర్ల నుంచి మెకానిక్కు ఎప్పుడొస్తాడా అని గుమ్మంలో కూర్చోవడం మానేసి, తనే పానా పట్టింది. విప్పిన ప్రతి ముక్కనూ విప్పిన వరసలోనే చేటలో పేర్చుకునేది. బిగించేటప్పుడు చివరి ముక్కతో మొదలుపెట్టేది. అంతా అయ్యాక చేటలో ఏ వాషరో మిగిలిందంటే ఒక్క మాట తిట్టుకుని మొత్తం మళ్ళీ విప్పేది. బియ్యం చెరిగే చేటకు గ్రీజు పట్టించిందని ఊళ్ళో ఆడవాళ్ళు నవ్వేవారు. నవ్వితే తనూ నవ్వేది.

ఆ ఏడు నేను నరసరావుపేటలో అత్తవారింటి నుంచి పెట్టె పట్టుకుని వచ్చేశాను. వచ్చినవాళ్ళందరూ ఎందుకొచ్చావనే అడిగారు. చెప్పాలనిపించక వెనక గదిలో గోడవైపు తిరిగి పడుకునేదాన్ని. ఒకరోజు పొద్దున రత్తమ్మత్త గుమ్మంలోకి వచ్చి, "ఏమే, లే. ప్లగ్గులు తుడవాలి, చేట పట్టుకునేవాళ్ళు లేరు" అంది. ఇంకేమీ అడగలేదు. ఆ రోజే కాదు, ఆ తరవాతా అడగలేదు. వేపచెట్టు నీడలో ఆమె ఒక్కొక్క ముక్క అందిస్తుంటే నేను కిరోసిన్లో కడిగి వరసలో పెట్టేదాన్ని. చేతులు నల్లబడేవి, తల తేలికయ్యేది. పొద్దు ఎప్పుడు వాలేదో తెలిసేది కాదు. కొన్నాళ్ళకు చేని దారిలో నాకు స్టీరింగు ఇచ్చింది. ఆ వేసవిలో నాకు మళ్ళీ ఆకలి వేసింది, నిద్ర పట్టింది. ఆమెను నేను ఎంత ప్రేమించానో చెప్పడం నాకు చేతకాదు.

మిరపకాయలు మాచర్లకు తీసుకెళ్ళాల్సిన ముందురోజే, బండి లేపడానికి ముందు నుంచి తిప్పే ఇంజను హ్యాండిలు ఎదురుతిరిగి ఆమె కుడి మణికట్టును కొట్టింది. చెయ్యి బూరెలా వాచింది. వెంకయ్య మామకు అదే సందు.

"చెయ్యి ఆడని మనిషికి బండెందుకు వదినా? తుక్కోడికి మాటిచ్చేశా."

"నా బండికి నువ్వెట్టా మాటిస్తావయ్యా? అది నడుస్తది."

"అయితే రేపు మాచర్ల పోదాం, నేనూ వస్తా. ఎవరూ చెయ్యేసి తొయ్యకుండా చేరిందా, ఇంక దీని ఊసెత్తను. తోశారా, తుక్కే!"

"సరే. అమ్మాయి నడుపుద్ది" అంది, నన్ను అడగకుండానే.

బస్తాల మీద వెంకయ్య మామ, నా పక్కన అత్త. బయలుదేరడమే ఆలస్యమైంది. సగం దారిలో ఎండ నెత్తికెక్కింది. ఇంజను రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. నేను కంగారుగా సెల్ఫ్ నొక్కబోతే అత్త మంచి చెయ్యి నా మోకాలి మీద పడింది. "నొక్కమాక. బ్యాటరీ చస్తది. ఎండకి ఇంజను పక్కనున్న పంపులోనే పెట్రోలు ఆవిరైపోయింది, అంతే. చల్లారనీ."

నా చేత బానెట్టు ఎత్తించి, తన పైట కొంగు చింపించి పంపుకు చుట్టించింది. తాగడానికి తెచ్చిన కూజా తెచ్చి దాని మీద వంచమంది. చుయ్యిమంది.

"అవి తాగే నీళ్ళు వదినా!" అని బస్తాల మీంచి కేక.

"బండి తాగినాక మనం. నువ్వు కూర్చో."

అంతలో ఒక ట్రాక్టరు ఆగింది. కూలికి పోతున్న మగవాళ్ళు బిలబిలమంటూ దిగి, "పక్కకు జరుగత్తా, ఒక్క తోపు చాలు" అంటూ చేతులు చాపారు. మా ప్రాంతంలో ఆగిన బండి కనిపిస్తే మనిషి చెయ్యి ఊరుకోదు. వెంకయ్య మామ మొహం వెలిగిపోయింది. అత్త జీపు వెనక్కి వెళ్ళి, వాచిన చేతిని అడ్డంపెట్టి నిలబడింది.

"మీకు పున్నెం ఉంటది, ఎవరూ తొయ్యమాకండి! దానంతట అది లేస్తది."

వాళ్ళు నవ్వుకుంటూ ట్రాక్టరెక్కి వెళ్ళిపోయారు. ఆ తరవాతి నిశ్శబ్దం ఇప్పటికీ నాలో ఉంది. దూరంగా రోడ్డు నీళ్ళలా కదులుతోంది. నాపరాళ్ళ గుట్టలు ఆ నీళ్ళలో తేలుతున్నాయి. వేడెక్కిన ఇనుము లోపలెక్కడో టిక్కుటిక్కుమంటోంది. టిక్కుకీ టిక్కుకీ మధ్య ఎడం పెరుగుతోంది. అత్త కళ్ళు మూసుకుని వింటోంది. నేనూ మూసుకున్నాను. ఈ బండి పోతే దానితో ఆమె చేనూ పోతుందని తెలుసు. అయినా ఎక్కడికీ వెళ్ళనక్కర్లేదన్నట్టుగా, కాలం మా కోసం ఆగి కూర్చున్నట్టుగా ఉంది.

టిక్కులు ఆగాయి. "ఇప్పుడు నొక్కవే" అంది అత్త.

ఒకసారి మూలిగి ఇంజను అందుకుంది. మాచర్లలో వెంకయ్య మామ దిగీదిగగానే కుళాయి దగ్గరకు పరిగెత్తాడు. కడుపునిండా తాగి, మూతి తుడుచుకుని, "నీ బండి నీదేలే, తల్లీ" అని దండం పెట్టాడు. ఆ తరవాత నిజంగానే ఊసెత్తలేదు.

నెల తిరక్కుండా నరసరావుపేట నుంచి పెద్దలు వచ్చారు. మా నాన్న, మేనమామలు, ఊరి పెద్దమనుషులు అందరూ వరండాలో కూర్చుని, ఆ సాయంత్రం బస్సుకే నన్ను పంపించేయాలని తేల్చారు. అందరూ నా మంచి కోరినవాళ్ళే. పెట్టె కూడా బయట పెట్టేశారు. పక్కింట్లోంచి జీపు ఆపిన చప్పుడు, ఇనుము టిక్కుటిక్కుమనడం వినిపించింది. నేను గుమ్మంలోకి వచ్చి, మొదటిసారి ఆ మగవాళ్ళ ముందు నోరు విప్పాను.

"ఎవరూ నన్ను తొయ్యమాకండి. వెళ్ళాలనిపిస్తే నేనే లేస్తా."

పెట్టెను నేనే లోపలికి తీసుకెళ్ళాను. ఆ సాయంత్రం బస్సు నేను లేకుండానే వెళ్ళింది. తరవాత కూడా వెళ్ళాలనిపించలేదు.

రత్తమ్మత్త పోయి చాలా ఏళ్ళయింది. చివరిదాకా ఆ చేను ఆమె పేరునే, ఆమె సాగులోనే ఉంది. నా కారుకు పంపులో పెట్రోలు ఆవిరయ్యే జబ్బు లేదు. అయినా ఎండాకాలం వస్తే డిక్కీలో ఒక పాత చీరముక్క, కూజాడు నీళ్ళు పెట్టుకుంటాను. పక్కింటి పిల్లలు ఎందుకని అడిగితే తాగడానికంటాను. ముందు ఎవరు తాగాలో మాత్రం వాళ్ళకింకా చెప్పలేదు.