తెల్లపలకకు రాసిన పాలు

దుల్మా నోరు ఊరుకునే రకం కాదు. మేక ఈనినా, కోడలు అలిగినా ఆ మంగోలియా గడ్డిమైదానంలో పది గుడారాలకూ వినపడేలా చెప్పేది. అలాంటిది ఆ ఒక్క సాయంత్రం కిక్కురుమనలేదు.

పట్నం నుంచి పురేవ్ మాస్టారూ, ఆయన శిష్యురాలు నోమిన్‌ వచ్చి ఆమె గుడారం పక్కనే దిగారు. గడ్డి ఎండను ఏ దిక్కుకు ఎంత తిప్పికొడుతుందో కొలవడం వాళ్ల పని. వంపు తిరిగిన ఇనప కమ్మీ మీద కొలిచే కన్ను అటూ ఇటూ జరుగుతూ, ఒకే గడ్డిని తూర్పునుంచి, పడమటినుంచి, నడినెత్తినుంచి చూస్తుంది. ప్రతిసారీ ముందు దానికి ఒక తెల్లపలకను చూపించాలి. ఆ తెలుపుతో పోల్చే గడ్డి లెక్క తేలుస్తారు.

కొత్త వస్తువు వాకిట్లోకి వస్తే పాలు తాకించకుండా ఉంటారా ఎవరైనా? తొలిరోజు పొద్దున్నే దుల్మా ఉంగరపు వేలు పాలలో ముంచి, కమ్మీకీ, దాని కాళ్లకీ, ఆఖరికి ఆ పలకకీ రాసింది. "నేలతల్లీ, పిల్ల పని చల్లగా సాగాలి" అని మొక్కింది కూడా.

సాగింది పాపం! మూడు రోజుల లెక్కలూ తప్పుల తడకే. మూడోనాటి సాయంత్రం మాస్టారు పలకను ఎండకు వాలుగా పట్టి చూశారు.

"జిడ్డు! మాంసం తిన్న చేత్తో పట్టుకున్నావా? గడ్డి ఎండిపోతోంది, మళ్లీ ఏడాదిదాకా ఈ పచ్చదనం ఉండదు. రేపు సామాను సర్దుకో. నాకు నీలాంటివాళ్లు వద్దు."

నోమిన్ తలొంచుకుంది. వాకిట్లో దుల్మా తన వేళ్లను పొడుగు చొక్కా చేతుల్లోకి లాక్కుంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం ఇదే మరి. చెప్పేయొచ్చుగా? సిగ్గు. అరవయ్యేళ్ల మనిషి, చదువుకున్నవాళ్ల ముందు మొద్దునని ఒప్పుకోవాలా? ఛీ, ఏం బతుకని తన్ను తానే తిట్టుకుంది గానీ, నోరు మాత్రం పెగల్లేదు.

మర్నాడు నోమిన్‌ను పట్నానికి తీసుకెళ్లే జీపు కదలబోయింది. ప్రయాణమయ్యేవాళ్ల వెనక పాలు చల్లాల్సింది ఇంటి ఇల్లాలే. దుల్మా గరిటె ఎత్తింది. చల్లకుండానే జీపుకు అడ్డం పోయింది.

"ఆగండి! ఆ పిల్ల కాదు, నేను. పలకకు పాలు రాసింది నేను. నిన్న చెప్పలేదు, సిగ్గులేనిదాన్ని!"

నోమిన్ జీపు దిగి దగ్గరికొచ్చింది.

"నాకు తెలుసు పెద్దమ్మా. పలక పుల్లటి పాలవాసన వేసింది."

"మరి చెప్పలేదేం, పిచ్చిదానా?"

"నాకోసం దీవించావు కదా. దాన్ని తప్పని ఎలా చెప్పను?"

దుల్మాకు తల కొట్టేసినట్టయింది. తిట్టినా బాగుండేది. మాస్టారు నోమిన్ సంచీని జీపులోంచి దించారు. దుల్మా పాలగరిటె పట్టుకుని, ఆ పిల్ల మొహంలోకి చూడలేక, గడ్డిలోకి చూస్తూ నిలబడింది.