మధ్యగదిలోకి ఎండగొట్టం

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు మా చోడవరంలో రేకుపని సత్యారావు సూర్యుణ్ణి గొట్టంలో పెట్టాడు. నవ్వకండి. థర్డు ఫారంతోనే బడికి దండం పెట్టేసినవాణ్ణే కావచ్చు గాని, ఆ సూర్యుణ్ణి వంచింది ఈ చేతులే. ఇంటికప్పు మీద అద్దం పట్టుకుని కూర్చున్నది నేనే మరి.

సత్యారావు కిరసనాయిలు డబ్బాలు కోసి గరాటులు, బుడ్డిదీపాలు చేసేవాడు. అతనిది అటూ ఇటూ పొరుగిళ్ళ గోడలు కలిసిపోయిన పెంకుటిల్లు. మధ్యగదికి కిటికీ లేదు. భార్య చిన్నమ్మి పట్టపగలు బుడ్డి పెట్టుకుని అక్కడే బియ్యం ఏరేది. ఈమధ్య అన్నంలో రాళ్ళు ఎక్కువయ్యాయి.

"ఒసే, ఇది అన్నవా, కంకరా?" అనేవాడు సత్యారావు.

"గుహలో కూకోబెట్టి రాళ్ళేరమంటే ఎలాగేరతాను మావా? ఎలుతురియ్యి, ఏరతాను."

అరుగు మీద కూర్చోవచ్చుగా అంటే, ఎండకి కళ్ళు చెదిరిపోతున్నాయనేది. తప్పు ఇంటిదేనని సత్యారావు నమ్మాడు. మేమందరం నమ్మాం.

డబ్బారేకుల్ని గొట్టాలుగా చుట్టి, ఒకదానిలో ఒకటి దూర్చి అతికాడు. అతికేముందు లోపలివైపు చింతపండు, బూడిద వేసి మీసం దువ్వుకునేంత తళతళగా తోమాడు. పెంకులు తీసి కప్పులోంచి గదిలోకి దింపాడు. ఎండను అందులోకి మళ్ళించడానికి మంగలి దగ్గర పాత అద్దం తెచ్చాడు. ముందుముందు ఒక పాయ వంటింటికీ, ఒక పాయ పక్కింటి అప్పలనరసమ్మ గారికీ వెయ్యాలని అతని ఆలోచన. నేను బజార్లో కబుర్లతోనే ఆ గొట్టాన్ని రోలుగుంట ఊరి దాకా సాగదీశాను. కుళాయి తిప్పితే ఎండే, బిందెలు తెచ్చుకోండి అన్నాను. ఒకావిడ నిజంగానే బిందె తెచ్చింది!

బిగించిన రోజు నేను అద్దం తిప్పగానే కింద కేకలు లేచాయి. "ఒరే, అలాగే ఉంచు, కదపకు!" అని అరిచాడు సత్యారావు. అద్దానికి ఇటుక ఆనించి కిందికి పరుగెత్తాను. ఎండ సరిగ్గా చిన్నమ్మి చేటలో పడుతోంది. గుమ్మంలో నిలబడ్డ నాకే ఒక్కొక్క రాయీ కనిపిస్తోంది.

"అమ్మో, పెళ్ళిపందిరిలా ఉందే!" అంది అప్పలనరసమ్మ.

చిన్నమ్మి వేళ్ళు రాళ్ళను దాటి బియ్యంలో తడుముతున్నాయి.

"ఏటి మావా," అంది, "గది నిండా పొగెట్టేవు?"

గదిలో పొగ లేదు. ఎవరూ నవ్వలేదు. సత్యారావు గొట్టం వైపు చూశాడు, తర్వాత ఆమె కళ్ళలోకి వంగి చూశాడు.

"మసి ఉండిపోయిందే. రేపు తోముతాను," అన్నాడు.

తోమలేదు. మర్నాడు తొలిబస్సుకే ఆమెను విశాఖపట్నం తీసుకెళ్ళాడు. కంటినరాలు ఎండిపోయాయట. మిగిలిన ఆ కాస్త మసకా ఎన్నాళ్ళో ఉండదట. డాక్టరుగారు మెల్లగానే చెప్పారట. చిన్నమ్మి మాత్రం, "పోనీలే, ఇల్లు మంచిదే," అందట.

తిరిగొచ్చాక సత్యారావు నిచ్చెన వేశాడు. గొట్టం పీకేసి కప్పు మూసేస్తానని పెంకు అందుకున్నాడు. ఆ చప్పుడుకి చిన్నమ్మి గోడ పట్టుకుంటూ వచ్చింది.

"ఏటి సేస్తన్నావు?"

"ఇంకెందుకే ఇది?"

"ఉంచు మావా. రేపట్నించి బియ్యం ఏరాల్సింది నువ్వే కదా."

సత్యారావు పెంకు పట్టుకుని నిచ్చెన మీదే కూర్చుండిపోయాడు. కింద నిచ్చెన కదలకుండా పట్టుకున్నది నేనే.