వినోదపు పన్ను వాపసు

అరవైల చివరి సంవత్సరాల్లో నేను బొబ్బిలిలో ఉండేదాన్ని. నాటకాల్లో ఆడవేషాలు కట్టడం నా బతుకుతెరువు. ఊళ్ళలో మేష్టర్లూ గుమస్తాలూ కలిసి నాటకం వేసుకునేవారు. మగవేషాలన్నీ వాళ్ళవే. ఆడమనిషి కావాలంటే మాత్రం నాలాంటి వాళ్ళకి కబురు పెట్టేవారు. ఆటకి నూటయాభై, రానూపోనూ బస్సు ఖర్చులు, వేషం తీశాక భోజనం. అయిదో క్లాసుతో బడి మానేసినా నాటకాల పుస్తకాలు చదివి చదివి నాకు రాత కుదిరింది. మా అమ్మా నేనూ ఉండేది తాటాకు ఇంట్లో.

ఆ ఏడు గాలివానకి మా ఇంటి కప్పు సగం లేచిపోయింది. అదే గాలికి రాజాం వైపు ఒక ఊళ్ళో హైస్కూలు ఆడపిల్లల గది పెంకులన్నీ పడిపోయాయి. ఆ గది బాగుచేయడానికి నాటకం వేసి డబ్బు పోగుచేద్దామని ఆ బళ్ళో తెలుగు మాస్టారు సంకల్పించారు. నాటక సమాజానికి ఆయనే కార్యదర్శి. మా ఇంటికి ఆయనే స్వయంగా వచ్చారు. మామూలుగా ఏజెంటు వస్తాడు, వాకిట్లోనే నిలబడి మాట్లాడి పోతాడు. ఈయన లోపలికి వచ్చి, చాప మీద కూర్చుని, మా అమ్మ ఇచ్చిన టీ తాగి, నన్ను ‘మీరు’ అన్నారు. అంతకుముందు నన్ను ఎవరూ అలా పిలవలేదు. అక్కడే నేను పడిపోయాను.

ఆట రేపనగా పన్నుల ఆఫీసు వాళ్ళు ఒక మెలిక పెట్టారు. ధర్మానికి వేసే నాటకానికి వినోదపు పన్ను ఉండదు. అయితే ఉండదని పైనుంచి ఉత్తర్వు రావాలి. అది ఇంకా రాలేదు. కాబట్టి టికెట్ల మీద పన్ను ముందు కట్టేయండి, ఉత్తర్వు వచ్చాక, లెక్కలు చూపించాక, తిరిగి ఇచ్చేస్తాం అన్నారు. తెర అద్దెకీ, దీపాలకీ, హార్మోనియం ఆయనకీ ఇవ్వాల్సింది ఇచ్చేసరికి మాస్టారి చేతిలో పన్నుకి సరిపడా లేదు. ఆ సాయంత్రం రిహార్సల్ దగ్గర నన్ను పక్కకి పిలిచారు. ఇప్పటికి యాభై తీసుకోమన్నారు. మిగతా వందా పన్ను వాపసు రాగానే మొదట నాకే ఇస్తామనీ, నెల్లాళ్ళు పట్టదనీ చెప్పారు. నేను సరేనన్నాను. కాగితం రాయించుకోలేదు. అలాంటి మనిషిని కాగితం అడగడం తప్పనిపించింది.

నాటకం బాగా ఆడింది. నేల టికెట్లు అయిపోతే జనం గోడ ఎక్కి చూశారు. టికెట్లు లెక్కపెట్టడానికి వచ్చిన పన్నుల గుమస్తా ఒకాయన లెక్క ముగించుకుని ముందు వరస కుర్చీలో కూర్చుని చివరిదాకా కదల్లేదు. రెండో అంకంలో నా పద్యానికి ఆయనే మొదట చప్పట్లు కొట్టాడు.

నెల గడిచింది. రెండు నెలలు గడిచాయి. మాస్టారికి కార్డు రాశాను. వెంటనే జవాబు వచ్చింది. ముత్యాల్లాంటి దస్తూరీ. ‘ఫైలు కదిలింది, ఉత్తర్వు వచ్చింది, బిల్లు పాసు కావాలి’ అని రాసి, ఫైలు నంబరు కూడా వేశారు. ఆ నంబరు నేను నా ట్రంకుపెట్టె మూతకి లోపలి వైపు సుద్దతో రాసుకున్నాను. ఇంకో కార్డుకి ‘ఆడిట్ దగ్గర ఆగింది’ అన్నారు. మరోదానికి ‘ఆఫీసరు మారాడు, కొత్తాయన సంతకం పెట్టాలి’ అన్నారు. ప్రతి కార్డూ మా అమ్మకి చదివి వినిపించేదాన్ని.

“మాస్టారు మంచోడేనే. మంచోళ్ళ కాయితాలైనా ఆఫీసుల్ల అలగే కూకుంటాయి” అంది అమ్మ ఒకసారి.

వానలు వచ్చాయి. కప్పు మీద మిగిలిన తాటాకు ఒక మూలకి సర్ది, అక్కడ అమ్మని పడుకోబెట్టి, నేను వేషాల పెట్టె మీద గోనె కప్పి దాని పక్కనే కూర్చునేదాన్ని. నేను తడిసినా ఆరుతాను, చీరల జరీ తడిస్తే నల్లబడిపోతుంది. ఆ ఏడాది అలా గడిపాం. మరుసటి ఏడాది ఎండాకాలంలో రెండు కార్డులు రాశాను. మొదటిదానికి ‘ఇంకా రాలేదమ్మా, రాగానే తెలియజేస్తాను’ అని వచ్చింది. రెండోదానికి జవాబే లేదు.

మళ్ళీ వానలు పడకముందే నేనే పన్నుల ఆఫీసుకి బయల్దేరాను. అది ఏ ఊళ్ళోదో రాయను. ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని, ఫైలు నంబరు చీటీ మీద ఎక్కించుకుని, పొద్దున్న బస్సెక్కాను. అక్కడ నాలుగు బల్లల దగ్గర నలుగురు అడిగారు, నువ్వెవరు, కార్యదర్శి రావాలి గానీ నువ్వెందుకొచ్చావని. అయిదో బల్ల దగ్గర ఆ రోజు ముందు వరసలో కూర్చున్న గుమస్తా ఉన్నాడు. నన్ను చూడగానే ఆయన ముఖం వికసించింది. పక్కవాళ్ళందరికీ నేనెవరో చెప్పి, రమ్మని చెయ్యి ఊపాడు. కుర్చీ మాత్రం వెయ్యలేదు.

నేను చీటీ ఇచ్చాను. ఆయన దాన్ని రిజిస్టరు కింద పెట్టాడు.

“ఫైలు ఎక్కడికీ పోదు, సూద్దుం. ముందు ఆ రెండో అంకంలో పద్యం అందుకో. ఈళ్ళెవులూ ఇననేదు” అన్నాడు.

నేను నవ్వి తప్పించుకోబోయాను. పని చూడండి బాబూ, బస్సు ఉంది అన్నాను. ఎవరూ పని చూడలేదు. ప్యూను కూడా గుమ్మంలో వచ్చి నిలబడ్డాడు. రిజిస్టరు మీద ఆయన చెయ్యి అలాగే ఉంది. హార్మోనియం లేదు, దీపాలు లేవు. మిట్టమధ్యాహ్నం, చేతిలో గుడ్డసంచీతో నిలబడి పాడాను. రాణి తన భర్తని నిలదీసే పద్యం అది. గొంతు ఎండిపోయి రెండో పాదంలో శ్రుతి తప్పింది. వాళ్ళకి తెలియలేదు, నాకు తెలిసింది. అందరూ చప్పట్లు కొట్టారు.

అప్పుడు ఆయన రిజిస్టరు తీశాడు. వేలితో వరస వెంట పోయి ఒకచోట ఆగి, చదివి, నా వైపు జాలిగా చూశాడు.

“ఏటమ్మా, ఇది ఇచ్చేసి తొమ్మిది నెలలయినాది. ఇదిగో, మీ కార్యదర్శి సంతకం.”

పుస్తకం నా వైపు తిప్పాడు. ఆ ముత్యాల దస్తూరీ నేను గుర్తుపట్టకుండా ఉంటానా. ‘ఇంకా రాలేదమ్మా’ అన్న కార్డు వచ్చిందేమో మొన్న ఎండల్లో. ఇంకేమీ అడక్కుండా బయటికొచ్చేశాను. బస్సులో వస్తూ ఉంటే నాకు డబ్బు సంగతి తట్టలేదు. ఆ నాలుగు గోడల మధ్య పాడిన పద్యమే చెవుల్లో రొద పెట్టింది. అప్పటికే ఇచ్చేసిన డబ్బు కోసం పాడాను.

మర్నాడు ఆ బడికి వెళ్ళాను. ఆడపిల్లల గదికి ఎర్రటి కొత్త పెంకులు. గోడ మీద దాతల పేర్లు నల్లరంగుతో వరసగా రాశారు. ఆటకి ముందు వరస కుర్చీ టికెట్టు కొన్న రైసుమిల్లు ఆసామి పేరు కూడా ఉంది. నా పేరు లేదు. మాస్టారు పాఠం చెబుతున్నారు. నన్ను చూసి, సుద్దముక్క కింద పెట్టి, వరండాలోకి వచ్చారు. అబద్ధం చెప్పలేదు. కప్పుకి డబ్బు చాలలేదనీ, వాపసు వచ్చిన డబ్బు దాంట్లోనే పెట్టేశామనీ చెప్పారు.

“మిమ్మల్ని మరిచిపోలేదమ్మా. మీరు ఆగగలరనుకున్నాను. పిల్లలు ఆగలేరు కదా” అన్నారు.

“మా ఇంట్ల కూడా ఆ వానే కురుస్తాది మాస్టారూ” అన్నాను. “ఆగమంటే ఆగుదును. రానేదని ఎందుకు రాసినారు?”

ఆయన వేళ్ళకి అంటిన సుద్ద దులుపుకున్నారు. తరగతిలో పిల్లలు పాఠం వదిలేసి మమ్మల్నే చూస్తున్నారు. ఈలోగా హెడ్మాస్టరు వచ్చి, ఇది బడి, ఇక్కడ ఇలాంటి మాటలు వద్దు, బయటికి పద అన్నాడు. ఆయన నన్ను ‘నువ్వు’ అన్నాడు. మాస్టారు వినీ ఊరుకున్నారు.

ఆ వంద రూపాయలూ మాస్టారు తన జీతంలోంచే పంపారు. మూడు మనియార్డర్లు, నెలకొకటి. కూపన్ల మీద ఒక్క అక్షరం రాయలేదు. చివరిది అందేసరికి వానలు ముదిరిపోయాయి. వానల్లో తాటాకు దొరకదు, దొరికినా ఎండాకాలం ధరకి రాదు. వంటింటి వైపు మాత్రం కప్పించి, రెండో వైపు అలాగే వదిలేశాం.

ఆ ఏడు దసరాకి నాకు రెండే ఆటలు వచ్చాయి. ఆ మరుసటి ఏడు ఒక్కటీ లేదు. మాకు ఆటలు కుదిర్చే ఏజెంటుని అడిగితే, చుట్ట తీసి పక్కకి ఊసి అసలు సంగతి చెప్పాడు.

“మాస్టార్ని పిల్లల ముందర నిలదీసినావంట. ఆ సుట్టుపక్కల సమాజాలన్నీ మాస్టర్లవే. నిన్ను పిలవమని నానెవుల్ని అడగను?”

మాస్టారు నా మీద ఎక్కడా చెడ్డగా చెప్పలేదట. అడిగినవాళ్ళకి, ఆవిడ మంచి నటే, పాపం డబ్బు ఇబ్బందిలో ఉంది అనేవారట. అది చాలింది. నన్ను పిలవాల్సిన చోటుకల్లా విజయనగరం నుంచి వేరే ఆమెను తెచ్చుకున్నారు. ఆమె ముందే మొత్తం పుచ్చుకుని గానీ బస్సెక్కదని తర్వాత తెలిసింది. ఆమెనెవరూ డబ్బు మనిషి అనలేదు.

వేషాల చీరలు ఒక్కొక్కటే అమ్మేశాను. పొందూరులో మా పిన్నమ్మ నూలు వడికే చోట నాకూ ఒక రాట్నం ఇప్పించింది. అమ్మని తీసుకుని అక్కడికే వెళ్ళిపోయాను. పక్కన కూర్చుని వడికే ఆడవాళ్ళు నేను నాటకాల్లో చేసేదాన్నని తెలిసి, ఒక పద్యం పాడమని చాలాసార్లు అడిగారు. వాళ్ళు మర్యాదగానే అడిగారు. గొంతు పోయిందని చెప్పాను. అది నిజం కాదు.