నల్లగొండ నీడ

స్టూడెంట్లు గుంపులుగా కెనడాకి దిగుతున్న రోజులవి. అక్కడి కేంబ్రిడ్జ్‌లో నేను పార్ట్‌టైమ్ చేసిన మొక్కల నర్సరీ తెలుగు ఓనర్‌ని అందరం అంకుల్ అనేవాళ్లం. నాటిన ప్రతి మొక్కనీ రెండు వేళ్లతో మెల్లగా లాగి చూడటం ఆయన అలవాటు. కదిలిందా, మళ్లీ నాటాల్సిందే.

ఏటా మే నెలలో, అమ్మకాలు జోరుగా సాగే ఒక శనివారం షాపు మూసేసి, మా అందరిచేతా రోడ్డు పక్కన మొక్కలు పెట్టించేవారు. మొదటిసారి నేను నోరెళ్లబెట్టాను.

"నాన్నగారు షాపు పెట్టిన ఏడాది మొక్కలన్నీ మిగిలిపోయాయి. పారేయడానికి మనసొప్పక ఈ రోడ్డంతా నాటేశారు. అవి చూసే జనం మా షాపు వెతుక్కుంటూ వచ్చారు. ఆ రోజు గుర్తుగానే ఈ సెలవు," అన్నారు అంకుల్.

నేను నాటిన మేపుల్ మొక్కని లాగి చూశారు. కదల్లేదు.

"మీదే ఊరు బాబూ?"

"నల్లగొండ అంకుల్. చదువయ్యాక ఇక్కడుంటానో లేదో."

"నీ సంగతి తర్వాత. ఇది ఉంటుంది. దీని పేరు నల్లగొండ."

నవ్వులాటకి అన్నారనుకున్నాను.

ఏళ్ల తర్వాత, మొన్న వెళ్లాను. అంకుల్ లేరు. కౌంటర్లో ఆయన మనవరాలు. నేనెవరో ఆ పిల్లకి తెలియదు. తెలుగులో పలకరిస్తే, ఎండలో ఉన్న నా కారు చూసి, వచ్చీరాని తెలుగులో అంది:

"కార్ నల్లగొండ కింద పార్క్ చేయండి అంకుల్. అక్కడ షేడ్ ఉంటుంది."