మంచినీళ్లకు చచ్చే జీవాలు

మా పక్కింటి ఉప్పలయ్య భూపాలపల్లి బొగ్గుబాయిలో ఇరవై ఏళ్లు నీళ్లు కొట్టాడు. బొగ్గుతోపాటు పైకొచ్చే రాయి, పొట్టు బయట కుప్ప పోస్తారు. అది తనంతట తానే రాజుకుని పొగలు కక్కుతుంది. దాన్ని చల్లార్చడమే అతని పని. కుప్ప అడుగున ఊరే నీళ్లలో చెయ్యి పెడితే కాలుతుంది. చెప్పు పడితే తోలే మిగలదు, యాసిడంత పులుపు.

ఆ నీళ్లలో కంటికి కనబడని జీవాలున్నాయని మంగ్లీ చెప్పింది. మహబూబాబాద్ దగ్గరి తండా పిల్ల, యూనివర్సిటీలో ఆ జీవాల మీదే చదువుతుంది. నేను వదులుతానా?

"గా సెగల ఎట్ల బతుకుతయే? ఏం తింటయ్?"

"గంధకం తింటయ్ అవ్వా. గా పులుపు లేకుంటెనే సస్తయ్."

ఎండాకాలంలో ఆమె ఆ నీళ్లు ఒక ఫ్లాస్కులో నింపుకుని, బస్సు వేళదాకా ఉప్పలయ్య ఇంట్లో ఉంచింది. మూత తీసి వాసన చూసిన ఆ మనిషి, చదువుకునే పిల్లకు మురికినీళ్లెందుకని సగం పారబోసి మంచినీళ్లు పోశాడు. జీవాలన్నీ చచ్చాయి. అది తెలిసినప్పటి నుంచి అతని ముఖాన నవ్వు లేదు.

ఆ ఏడే, 2011లో, తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. బాయి బంద్. సమ్మె అయ్యేదాకా గేటు దాటనని ఉప్పలయ్య శిబిరంలో అందరి ముందూ మాటిచ్చాడు. పన్నెండో రోజున మంగ్లీ వాళ్లన్న బండి మీద వచ్చింది. నెలాఖరుకు బతికున్న జీవాలు యూనివర్సిటీకి చేరకపోతే ఆమె ఏడాది చదువు పోయినట్టే. కుప్పేమో గేటు లోపల.

ఉప్పలయ్య ఇంట్లోంచి పని టోపీ, బూట్లు పట్టుకుని శిబిరానికి నడిచాడు. నేనూ వెంట పోయాను. శిబిరానికి పెద్ద మొండయ్య.

"ఏందన్నా, సమ్మెల ఉండి గేట్లకు పోతవా? రేపు మందిల నవ్వరా?"

"పనికి గాదు తమ్మీ. నా చేతులతోని సంపిన. జర ఒక్కపారి పోనియ్యి."

"ఎవల్ని సంపినవ్?"

"పురుగులను."

శిబిరమంతా గొల్లుమంది. "గా పురుగులకు సమ్మె లేదా అన్నా?" అంది వంట చేసే మైసమ్మ.

ఉప్పలయ్య నవ్వలేదు. టోపీ, బూట్లు మొండయ్య ముందు పెట్టాడు.

"గివి లేకుంట బాయిల పని జేస్తరా? సమ్మె అయ్యేదాక నీ తాన్నే ఉండనీ."

మొండయ్య వాటిని తన పక్కకు జరుపుకున్నాడు. "నడువు. గేటు దాక నేనొస్త," అన్నాడు.

ఉప్పలయ్య మామూలు చెప్పులతో లోపలికి పోయి, ఫ్లాస్కు నిండా ఆ నీళ్లే తెచ్చాడు. మూత బిగించి మంగ్లీకిచ్చాడు. ఈసారి వాసన చూడలేదు.

ఆ తర్వాత నాలుగో రోజున శిబిరంలో ఫోన్ మోగింది. "బతికినయ్ బాపూ! మస్తుగ మెదులుతున్నయ్!" అని మంగ్లీ అరుస్తుంటే మాకందరికీ వినబడింది. ఉప్పలయ్య ఫోన్ చెవికి పెట్టుకునే కూలబడ్డాడు.

మైసమ్మ గ్లాసు అందించింది. "తాగన్నా, మంచినీళ్లే. నువ్వైతె సావవు."

ఎండాకాలం తర్వాత అతను నవ్వడం అదే మొదటిసారి చూశాను.