బఠాణీ పప్పులో ఒట్టి తునకలు

సూపు ప్యాకెట్లు చేసేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. కారణం చెబుతాను.

మా ఆవిడకు టైఫాయిడ్ వచ్చి తగ్గింది. జ్వరం పోతూ పోతూ ఆవిడ నోటి రుచిని కూడా పట్టుకుపోయింది. అన్నం చూస్తే మొహం తిప్పుకునేది, ఇడ్లీ పెడితే దిండు కింద దాచేది. దిండు సంగతి నేను కల్పించింది. పళ్ళెం అవతలికి నెట్టేది, అంతే. కానీ మనిషి మాత్రం నిజంగానే కర్రకు చీర చుట్టినట్టు అయిపోయింది. నందిగామలో మేం చూపించుకునే డాక్టరు, "తినకపోతే మళ్ళీ సెలైన్ ఎక్కించాల్సొస్తది మాస్టారూ. ఏదన్నా సూపులాంటిది పట్టించండి" అన్నాడు.

సరేనని బస్టాండు దగ్గర కొట్లో ఒక ప్యాకెట్టు కొన్నాను. అట్ట మీద ఆకుపచ్చ బఠాణీలు నిగనిగలాడుతున్నాయి. లోపల ఉన్నది మొక్కజొన్న పిండి. మరిగించి ఇస్తే ఆవిడ ఒక గుక్క తాగి గ్లాసు నా చేతిలో పెట్టింది.

"ఏందయ్యా ఇది? గోడకి పోస్టర్లు అంటించే మైదా పిండా?"

పైన బఠాణీల బొమ్మ వేసి లోపల జిగురు పోసి జబ్బు మనిషికి అమ్మేవాణ్ణి ఏమనాలి? ఖమ్మంలో ఉంటున్న మా అమ్మాయికి ఫోను చేసి, ఆ కంపెనీ వాడు ఎదురుగా ఉన్నట్టు దాని మీద అరిచాను. అరవడం అయ్యాక అది ఒక వీడియో పంపింది. ఎవరో దొరసాని. బఠాణీ పప్పు, ఉల్లిపాయ, క్యారెట్, ఉప్పులో ఊరబెట్టిన పంది తొడ, అన్నీ ఒకే గిన్నెలో వేసి ఉడికించి, ఇంట్లోనే ఇట్టే చేసుకోవచ్చని నవ్వింది.

"దాన్ని హ్యామ్ అంటారు నాన్నా. మన దగ్గర దొరకదులే. చికెన్ వేసి చెయ్యి" అంది అమ్మాయి.

మేం కింది వాటాలో అద్దెకుంటాం, ఓనరమ్మ పైన ఉంటుంది. మెట్ల దగ్గర కనిపిస్తే ఆవిడకూ చూపించాను.

"అబ్బ, ఎంత బాగుంది మాస్టారూ! ఫారిన్ వాళ్ళ తిండి మంచి బలమండీ. నాక్కూడా పంపండి, మా పిల్లలకి చేసి పెడతా."

పంపాను. పంపుతుండగానే బుర్రలో వెలిగింది. ఉప్పు పట్టించి దాచుకున్న మాంసం మనకేం కొత్త? జగ్గయ్యపేటలో మా అక్క ఇంట్లో డబ్బా నిండా ఒట్టి తునకలు ఉంటాయి. పెద్ద మాంసమే, దాచడమెందుకు? సన్నగా పొడుగ్గా కోసి, ఉప్పూ పసుపూ పట్టించి, దండెం మీద బట్టలారేసినట్టు ఆరేసి, ఎండకు గలగలలాడేదాకా ఉంచుతుంది. మా ఆవిడ పుట్టింట్లో వాన పట్టిందంటే ఆ కూరే.

మండుటెండలో, కాలు పెట్టే సందు లేని బస్సులో, కమ్మీ పట్టుకుని వేలాడుతూ జగ్గయ్యపేట వెళ్ళాను. నిజానికి కూర్చోడానికి మంచి సీటే దొరికింది. చిల్లకల్లు దాటిన సంగతి కూడా తెలియకుండా నిద్రపోయాను.

"ఏరా, పెళ్ళానికి జ్వరమొస్తే గానీ అక్క గుర్తురాలా నీకు?" అంటూనే అక్క తునకలు పొట్లం కట్టింది. "కాల్చు, దంచు, ఉడకబెట్టి మొదటి నీళ్ళు పారబొయ్యి. ఉప్పంతా ఆ నీళ్ళలోనే ఉంటది. వింటన్నావా?"

విన్నాను. చెయ్యలేదు. దొరసానేమో రుచంతా ఆ నీళ్ళలోనే ఉందని, చుక్క కూడా పారబోయొద్దని చెప్పింది మరి. ఊహ తెలిసినప్పటి నుంచి ఆ కూర వండుతున్న అక్క మాట కంటే, ఫోనులో నవ్వినావిడ మాట నాకు గొప్పదైపోయింది. నా మీద నాకే కోపం వస్తోంది ఇది రాస్తుంటే.

తునకలు స్టవ్ మంట మీద కాల్చి, రోట్లో నలగ్గొట్టి, కుక్కర్లో ఉడికించాను. ఆ నీళ్ళలోనే బఠాణీ పప్పు, ఉల్లిపాయ, క్యారెట్ వేసి మళ్ళీ విజిళ్ళు రానిచ్చాను. మూత తీసి నాలిక మీద వేసుకుంటే ఉప్పు కషాయం. నీళ్ళు పోశాను, పలచబడింది. పప్పు ఉడికించి కలిపాను, గట్టిపడింది. మళ్ళీ నీళ్ళు. చివరికి వీధి వీధంతటికీ సరిపోయేంత సూపు తయారైంది. వీధికి కాదు, ఓ పెద్ద గిన్నెడు. వాసన మాత్రం నిజంగానే వీధంతా తిరిగింది.

మెట్ల మీద చెప్పుల చప్పుడు.

"మాస్టారూ! ఏంటండీ ఆ వాసన? చుట్టాలొచ్చారు, పైన కూర్చోలేకపోతన్నాం. ఇట్టాంటివి వండుతారని ముందే చెప్పుంటే..."

ఓనరమ్మ అక్కడ ఆపేసింది. ఆపిన చోట ఏముందో నాకు తెలుసు. అద్దె ఇల్లు కోసం తిరిగిన మావాళ్ళందరికీ తెలుసు.

నేను ఊరుకుంటానా? "అమ్మా, పొద్దున మీరు మెచ్చుకున్నది ఇదే. దొరసాని గిన్నెలో పంది తొడ ఉంటే బలమూ, నా గిన్నెలో మా అక్క ఎండబెట్టిన ముక్క ఉంటే వాసనా? ఉప్పు అదే, పప్పు అదే. ఏ ముక్కు మారింది మధ్యలో?" అన్నాను. కోర్టులో ప్లీడర్లు కూడా అలా నిలదీయలేరు. ఆవిడ తల దించుకుంది.

లేదు. ఇందులో ఒక్క ముక్క కూడా నేను అనలేదు. తర్వాత కుర్చీలో కూర్చుని అనుకున్న మాటలివి. నేను అన్నది, "అయిపోయిందమ్మా, కిటికీ మూసేస్తాలెండి." మూసేశాను కూడా.

"ఎందుకు మూసావు?" లోపలి గదిలోంచి మా ఆవిడ.

"వాసనొస్తందంటే."

"ఎవరికి?"

మంచం కిర్రుమంది. గోడ పట్టుకుని, ఆగి, మళ్ళీ గోడ పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. బాత్రూముకు కూడా నా భుజం మీద చెయ్యేసి నడుస్తున్న మనిషి. గడియ తీసి కిటికీ రెక్కలు బార్లా తెరిచింది.

"వాళ్ళు చేపలు వేయించిన రోజు మనం ముక్కులు మూసుకున్నామా? ఇటియ్యి ఆ గరిటె." కొంచెం నాలిక మీద వేసుకుని నా వైపు చూసింది. "మొదటి నీళ్ళు పారబొయ్యలా?"

"అంటే... అందులోనే రుచుంటదని..."

"ఎవరు చెప్పారు?"

నిమ్మకాయ అడిగింది, నాలుగు వెల్లుల్లి రేకలు చితక్కొట్టమంది, చిన్న గిన్నెలోకి కాస్త తీసి వేన్నీళ్ళు కలుపుకుంది. కుర్చీ కిటికీ దగ్గరికి వేయించుకుని కూర్చుంది. ఓనరమ్మ ఇంకా మెట్ల మీదే నిలబడి ఉంది.

"ఏమ్మాయ్, పొద్దున సూపు కావాలన్నావంటగా! తాగుతావా?"

"వద్దులెండి ఆంటీ, ఇవాళ శనివారం."

"రేపు ఆదివారమేగా. ఉంచుతాలే" అని, ఊదుకుంటూ తాగడం మొదలుపెట్టింది. పై నుంచి తలుపు చప్పుడు వినిపించింది. మా ఆవిడ తల ఎత్తలేదు. అడుగున ఉన్న తునకను వేళ్ళతో తీసి, పళ్ళ మధ్య పెట్టుకుని, తీరిగ్గా నమిలింది. గిన్నె నా ముందుకు తోసింది.

"ఉప్పు కషాయమే. ఇంకాస్త పొయ్యి."